మేకుకు తగిలించిన చెంబు

ఇప్పుడు నేనుంటున్నది వల్లూరు దగ్గరి ఒక పల్లెలో, మా తమ్ముడి కొడుకు దావీదు ఇంట్లో. వీధి తలుపు ఇనుపది. దానికి మూడు గడియలు. కుడి పాదంలో ముందు సగం లేదు కాబట్టి కాలు స్టూలు మీద పెట్టుకొని రాస్తున్నాను. పుండు మానింది. ఇక కట్లు కట్టించుకోవడానికి రానక్కర్లేదని డాక్టరు చెప్పాడు. గండం గడిచిందని ఇంటికొచ్చిన వాళ్ళంతా అంటున్నారు. జమ్మలమడుగులో నాకంటూ ఉన్న గది మాత్రం పోయింది. కాలు ఎట్లా పోయిందో, గది ఎట్లా పోయిందో రెండూ చెబుతాను. నిజానికి రెండోది చెప్పడానికే మొదటిది చెబుతున్నాను. ఓదార్పు కోసం చదివేవాళ్ళు ఇక్కడితో ఆపేసినా నాకు కోపం లేదు.

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే దారిలో పెద్దాయన కట్టించిన ఇల్లు ఒకటుంది. పెద్దాయన అంటే ఒక వర్గానికి నాయకుడు. అసలు పేరు చెప్పే ధైర్యం నాకు లేదు, మీకు దానితో పనీ లేదు. తన కోసం చచ్చిపోయిన మగవాళ్ళ తల్లులూ పెళ్ళాలూ ముసలివాళ్ళయితే తల దాచుకోవడానికని పన్నెండు గదులు వరుసగా కట్టించి, ముందు ఒక పొడుగాటి వసారా దించి, కడప బండలు పరిపించాడు. జనం దాన్ని ఆశ్రమం అనేవారు. ఆయన కోసం మా ఇంట్లో ఎవరూ చావలేదు. ఆయన కూతురికి ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దించిన పుణ్యానికి, రిటైరయ్యాక నాకూ ఒక గది ఇచ్చారు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. నలభై ఏళ్ళు ఊరూరా అద్దె కొంపల్లో ఉండి పాఠాలు చెప్పిన దానికి, సొంత తాళంచెవి ఉన్న గది దొరికింది. ఆ తాళంచెవి నేను మెళ్ళో వేసుకొని తిరిగేదాన్ని.

గేటు పక్కన బోర్డు మీద ఇట్లా ఉండేది: తమ పనులు తాము చేసుకోగల వృద్ధ మహిళలకు మాత్రమే. ఈ ‘మాత్రమే’ దగ్గరే మా బతుకులన్నీ వేలాడేవి.

ప్రతి గది తలుపు పక్కనా ఒక మేకు ఉండేది. పొద్దున ఆరున్నరలోపు ఎవరి చెంబు వాళ్ళు ఆ మేకుకు తగిలించాలి. చెంబు మెడకు నులకతాడు కట్టుకొనేవాళ్ళం. ఆయా ఖాసింబీ వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ మేకులు చూసుకొంటూ పోయేది. చెంబుంటే మనిషి లేచినట్టు. మేకు ఖాళీగా ఉంటే ఆగి తలుపు కొట్టేది. పలకకపోతే అందరినీ పిలిచేది. అంతవరకు మంచి పద్ధతే. కానీ ఒక నెలలో మూడుసార్లు మేకు ఖాళీగా కనబడితే ఆ మనిషికి చేతకావడం లేదని మేనేజరు లెక్క. అప్పుడు సొంతవాళ్ళకు కబురు పోయేది, సామాను వసారాలోకి వచ్చేది. మా ప్రాణాలు కాపాడేందుకు పెట్టిన మేకే మమ్మల్ని బయటికి గెంటే మేకు కూడా అయింది. ఇందులో తప్పెక్కడుందో అక్కడున్న పన్నెండు మందికీ తెలుసు. నోరు తెరిచి అడిగినవాళ్ళు లేరు, నాతో సహా.

నా పక్కగది ఓబుళమ్మది. పులివెందుల వైపు ఒక పల్లెలో పెద్ద రైతు కుటుంబం. మొగుణ్ణి ఎదుటి వర్గంవాళ్ళు నరికారు. కేసులకూ కక్షలకూ భూమి కరిగిపోయింది. మాది నాలుగు తరాల కింద క్రైస్తవంలో కలిసిన మాల కుటుంబం. మూడేళ్ళు పక్కపక్క గదుల్లో ఉన్నా ఓబుళమ్మ నా చెంబుతో నీళ్ళు తాగలేదు. అన్నం తినేటప్పుడు కొంచెం ఎడంగా జరిగి కూర్చునేది. ‘దాహంగా లేదులే టీచరమ్మా’ అనేది. నేనూ తక్కువ తినలేదు. ఆమె పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్పి బైబిలు తెరిచేదాన్ని.

మే నెల

అది ఎలక్షన్ల ఏడాది. పోలింగు రోజు జీపు మా గేటు ముందుకొచ్చింది. మామూలు రోజుల్లో తలనొప్పి మాత్రకు దిక్కులేని మమ్మల్ని ఆ రోజు పెండ్లివారిని ఎక్కించినట్టు చెయ్యి పట్టుకొని ఎక్కించారు. పోలింగు బూత్ నేను ఒకప్పుడు పనిచేసిన బడిలోనే. వరుసలో నిలబడి ఓటు వేసి బయటికొచ్చామో లేదో, గోడ అవతల నాటుబాంబు పేలింది. ఇంకొకటి పేలింది. పొగ. జనం తలో దిక్కూ పరుగెత్తారు. ఆ తొక్కిడిలో నా కుడికాలి చెప్పు పోయింది. జీపు కోసం చూస్తే లేదు. ఓట్లు పడ్డాయి కదా, ఇంక జీపుకు మాతో ఏం పని.

నడిచి బయల్దేరాం. మిట్టమధ్యాహ్నం, తారు రోడ్డు. ఓబుళమ్మ నా కాలు చూసి ఆగింది. తన చెప్పు ఒకటి విప్పి నా ముందుకు తోసింది.

“ఇదో, ఇది ఏసుకో టీచరమ్మా. తారు కాలిపోతాంది.”

మూడేళ్ళుగా నా చెంబు ముట్టని మనిషి తన చెప్పు ఇస్తోంది. నాకు ఎక్కడో కాలింది. అరికాలు మాత్రం కాదు.

“అక్కర్లేదులే. నాకేం సుర్రుమనడం ల్యా” అన్నాను.

అది పొగరుతో అన్నమాటే అయినా అబద్ధం కాదు. నిజంగానే నాకు కాలడం లేదు. చక్కెర జబ్బు పదేళ్ళుగా ఉంది. అరికాళ్ళలో స్పర్శ ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఇంటిదాకా కాలే తారు మీద ఒంటిచెప్పుతో నడిచాను, పంతం నెగ్గిందని లోపల మురిసిపోయాను కూడా. మరునాడు వసారాలో నడుస్తుంటే ఓబుళమ్మే వెనక నుంచి పిలిచింది.

“ఏందిది టీచరమ్మా, నీ అడుగు తడిగా పడ్తాంది?”

కాలు తిప్పి చూసుకుంటే అరికాలి ముందుభాగమంతా బొబ్బ ఎక్కి పగిలిపోయి ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి భయం కూడా లేదు. అదే నా కొంప ముంచింది.

జూన్ నుంచి ఆగస్టు దాకా

పెద్దాయన పార్టీ ఓడిపోయింది. అంతకుముందు ప్రతి గురువారం ఊళ్ళో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు వచ్చి మాకు బీపీ చూసి, చక్కెర మాత్రలు ఇచ్చి పోయేవాడు. ఫలితాలు వచ్చిన తర్వాత మొదటి గురువారం రాలేదు. రెండో గురువారం కూడా రాలేదు. మేనేజరును అడిగితే చేతులు తిప్పాడు.

“ఇంగ రాడమ్మా. ఈ గేటు లోపల కాలు పెడితే నిన్ను ఆ పార్టీ కింద రాసుకుంటాం అని గెలిచినోళ్ళు అన్యారంట. బార్యాబిడ్డలు ఉండేటోడు, ఎందుకొస్తాడు?”

మా రక్తంలో చక్కెరకు కూడా పార్టీ అంటగట్టారు. నేను ఊళ్ళోకి పోయి ఇంకో డాక్టరుకు చూపించుకొని ఉండవచ్చు. పెన్షను వస్తుంది, కాళ్ళు ఇంకా నడుస్తున్నాయి. ఎందుకు పోలేదని దావీదు పెళ్ళాం ఇప్పటికీ అడుగుతుంది. డాక్టరు మంచాన పడుకోమంటాడు. పడుకుంటే మేకు ఖాళీ. మేకు ఖాళీ అయితే గది పోతుంది. గది పోతే ఈ ఇనుప తలుపు ఇంటికి రావాలి. దావీదు ఎదుటి వర్గంలో తిరిగేవాడు. ఈ ఇంటి మీద అప్పటికే రెండుసార్లు బాంబులు పడ్డాయి. పొద్దు గూకితే దీపం కూడా కిటికీ దగ్గర పెట్టరు. అందుకని పుండుకు గుడ్డ చుట్టి, దాని మీద మేజోడు తొడిగి, మామూలుగా నడవడం నేర్చుకున్నాను. షాపులో పసుపురంగు ఆయింట్‌మెంటు కొనుక్కొని పూసుకున్నాను. అరవై అయిదేళ్ళ టీచరును, పరీక్షలో చీటీ దాచే పిల్లలాగా కాలు దాచాను.

జులైలో జ్వరం మొదలైంది. సాయంత్రం వణుకు, తెల్లవారుజామున చెమట. ఒక పొద్దు కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ పడింది. ఆరున్నర దాటిపోయింది. గోడ పట్టుకొని తలుపు తీసి చూస్తే మేకుకు నా చెంబు వేలాడుతోంది. మా అమ్మ పేరు చెక్కిన ఇత్తడి చెంబు. రాత్రి కడిగి వసారా వైపు కిటికీ దిమ్మ మీద బోర్లించిన చెంబు, దానంతట అది మేకు దాకా నడవలేదు కదా. వసారాలో ఓబుళమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. తలెత్తలేదు.

“నువ్వా తగిలించింది?” అన్నాను.

“ఇంగెవరు, మీ యేసుప్రభువా?” అంది. “లోపలికి పో. మేనేజరు వచ్చే పొద్దయింది. నీ మొగం జూస్తే కుక్కకైనా తెలుస్తాది.”

ఆ రోజు నుంచి ఆమే తగిలించేది. రాత్రి నేను చెంబు కిటికీ దిమ్మ మీద పెట్టడం, పొద్దున ఆమె తీసి మేకుకు పెట్టడం. దానికి మేమేం ఒప్పందం రాసుకోలేదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు వేపాకు కాచిన నీళ్ళు తెచ్చి, నా కాలు తన ఒళ్ళో పెట్టుకొని కడిగేది. మొదటిరోజు నేను కాలు వెనక్కి లాక్కున్నాను.

“గమ్మునుండు మే. మా ఆయన్ను ఇంటికి తెచ్చిన పొద్దు కాళ్ళు తప్ప ఇంకేం చూడనీల్యా నన్ను. ఆ కాళ్ళే కడిగినా. కాళ్ళు కడగడం నాకు కొత్తా?”

నేను మళ్ళీ కాలు లాక్కోలేదు. ఆ తర్వాత ఎప్పుడో తలుపు ఓరగా వేసి, దాహమవుతోందని నా ఇత్తడి చెంబు ఎత్తి గటగటా తాగేసింది. నేను చూడనట్టు గోడవైపు తిరిగాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆమె వెక్కిరిస్తుందని.

పుండు మాత్రం ఎవరి మంచితనాన్నీ లెక్క చేయలేదు. చిటికెనవేలు రంగు మారింది. తర్వాత దాని పక్క వేలు. వాసన మొదలైంది. వాసన తెలియకుండా గదిలో పొద్దుమానం సాంబ్రాణి వేసేదాన్ని. ఖాసింబీ తలుపు దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది.

“ఏం టీచరమ్మా, చర్చి ఇడిసిపెట్టి దర్గాకు వస్తాండావా ఏంది?”

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి పోయింది. ఇద్దరం నవ్వింది నా చచ్చిపోతున్న కాలు మీదేనని ఆమెకు తెలియదు.

సెప్టెంబరు

బస్టాండు దగ్గర పెద్దాయన మనిషిని ఒకణ్ణి చంపారు. ఊరు బందు. అంగళ్ళు మూశారు, బస్సులు ఆపేశారు. ఒకరోజనుకున్నది నాలుగు రోజులు సాగింది. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్టు, ఆ నాలుగు రోజుల్లోనే నా జ్వరం దిగకుండా నిలిచిపోయింది. మూడో రోజుకు సాంబ్రాణి అయిపోయింది. కొనడానికి అంగడి లేదు. నాలుగో రోజు పొద్దున ఖాసింబీ నా మేకు మీద చెంబు చూసి కూడా ముందుకు పోలేదు. వాసన ఆమెను ఆపేసింది. తలుపు తోసుకొని లోపలికొచ్చి, దుప్పటి ఎత్తి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“యా అల్లా! ఇట్ల పెట్టుకొని ఎట్ల నవ్వినావు తల్లీ?”

మేనేజరు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. మొదటి మాట నా కాలు గురించి కాదు. “ఎన్నాళ్ళ నుంచి దాచినారు? చెంబు ఎవరు తగిలిస్తాండారు?” అని అడిగాడు. ఓబుళమ్మ గుడ్లురిమి చూసింది. ఆయన దావీదుకు ఫోను చేయించాడు.

దావీదు ఆటో తెచ్చాడు, కానీ గేటు బయట రోడ్డు మీదే ఉండిపోయాడు.

“ఆ గేటు లోపల అడుగు పెడితే మావోళ్ళు నన్నేమంటారత్తా? అర్థం చేసుకో” అని అక్కడి నుంచే అరిచాడు.

నా తమ్ముడు పోయినప్పుడు వాడికి పదమూడేళ్ళు. చదివించింది నేను. ఇరవై అడుగుల అవతల నిలబడి వాడు గేటు వంక చూస్తున్నాడు, నా వంక కాదు. ఖాసింబీ, ఓబుళమ్మ, వాచ్‌మన్ కలిసి నన్ను కుర్చీతో సహా ఎత్తి ఆ ఇరవై అడుగులు దాటించారు. ఓబుళమ్మ ఎవరినీ అడక్కుండా ఆటో ఎక్కి నా కాలు ఒళ్ళో పెట్టుకుంది. మేనేజరు వెనక స్కూటరు మీద వచ్చాడు. మనిషి చస్తే ఏ వర్గం వల్ల చచ్చిందని అడుగుతారో, ఆయన భయం ఆయనది.

ప్రొద్దుటూరు ఆస్పత్రి హాలులో నన్ను స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. రెండువైపులా రెండు బెంచీలు. ఒక బెంచీ మీద దావీదు, ఇంకోదాని మీద మేనేజరు. డాక్టరు చూసి, పాదం ముందు సగం తీసేయాలి, ఈ పూటే తీయాలి, రేపటికైతే మోకాలి దాకా పోతుంది అన్నాడు. నర్సు కాగితం తెచ్చింది.

“ఆమె సొంత మనిషి ఆయన. ఆయనే సంతకం పెట్టాల” అన్నాడు మేనేజరు, దావీదు వైపు చూడకుండా.

“ఇన్నాళ్ళూ వాళ్ళ కాడ ఉండాది. వాళ్ళు చూడకనే చెడింది. నేను సంతకం పెట్టినాక ఏమన్నా అయితే నేనే చంపినానంటారు” అన్నాడు దావీదు, మేనేజరు వైపు చూడకుండా.

నర్సు మూడుసార్లు వచ్చి మూడుసార్లు పోయింది. అవతల మా జిల్లాలోని ఖాజీపేట నుంచి మొగుణ్ణి తీసుకొచ్చిన ఒకామె ఇదంతా చూస్తూ కూర్చుంది. లేచి, తను కూర్చున్న దుప్పటి మడిచి నా కాలి కింద పెట్టి పోయింది. ఆమె పేరు కూడా తెలియదు. ఆ హాలులో మనిషి అనిపించిన మనిషి ఆమె ఒక్కతే అనుకున్నాను, ఓబుళమ్మ కాక. జబ్బు కంటే ఆ గంటసేపే నన్ను ఎక్కువ చంపింది. నాలుగోసారి నర్సు వచ్చినప్పుడు కాగితం ఇటివ్వమన్నాను. నలభై ఏళ్ళు బడి రిజిస్టరులో సంతకం పెట్టిన చెయ్యి. ఇక్కడా పెట్టింది. సాక్షిగా ఓబుళమ్మ వేలిముద్ర వేసింది.

“ఈమె నీకేమవుతుంది?” నర్సు అడిగింది.

ఓబుళమ్మ వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుంది.

“పక్కగది” అంది.

అక్టోబరు, నవంబరు

ఆస్పత్రిలో గడిపిన రోజుల గురించి ఎక్కువ చెప్పను. లేని వేళ్ళు దురద పెడతాయని ఎవరైనా చెబితే నమ్మండి, నిజమే. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు రోజూ అద్దం పెట్టుకొని అరికాలు చూసుకోండి. కాలు మీతో అబద్ధం చెబుతుంది. ఇంతకంటే వైద్యం నాకు తెలియదు.

వాకరు పట్టుకొని ఆశ్రమానికి తిరిగొచ్చేసరికి నా ట్రంకుపెట్టె వసారాలో ఉంది. మేనేజరు బోర్డు చూపించాడు. చదువు చెప్పినదాన్ని, చదవడం రాక కాదు. ఓబుళమ్మ మాత్రం నా పెట్టెను కాలితో తోసుకుంటూ మళ్ళీ గదిలో పెట్టింది. “నాలుగు దినాలు ఓపిక పట్టు” అంది.

నాలుగోరోజు ఆమె మొగుడి వర్ధంతి. ఏటా ఆ రోజు పెద్దాయన వచ్చి ఫోటోకు దండ వేస్తాడు, ఓబుళమ్మ పక్కన నిలబడాలి, ఫోటోలు తీస్తారు. ఓడిపోయిన ఏడాది కాబట్టి ఆయనకు ఆ దండ ఇంకా అవసరం. నూరుమంది జనం ముందు ఆయన దండ చేతిలోకి తీసుకోగానే ఓబుళమ్మ నోరు తెరిచింది.

“టీచరమ్మను ఎల్లగొడ్తాండారంట నాయనా. ఆమె పోతే నేనూ పోతా. పోతా పోతా ఎందుకు పోతాండానో ప్రతి అరుగు మీదా కూకోని చెప్పి పోతా.”

పెద్దాయన నవ్వాడు. “ఎవురమ్మా ఎల్లగొట్టేది? ఇది మీ ఇల్లు” అన్నాడు. ఫోటో బాగా వచ్చింది.

ఆయన కారు కనుమరుగయ్యాక మేనేజరు మా ఇద్దరి ముందుకొచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

“పెద్దాయన మాట కాబట్టి ఊరకుంటాండా. కానీ చెంబు విషయంలో నన్ను పిచ్చోణ్ణి చేసినారు. ఇంగొక్కసారి మీ ఇద్దరిలో ఎవురికి మంచం పట్టే గతి వచ్చినా ఇద్దురూ కలిసే పోవాల.”

“మాకేం రోగం వస్తాది? వచ్చేది వచ్చి పాయ” అంది ఓబుళమ్మ. ఆ మాట ఆమె నా కోసం అంది. ఆ మాటకు కట్టుబడాల్సి వచ్చిందీ ఆమే.

డిసెంబరు

చలి మొదలైంది. నేను వాకరు విడిచి కర్రతో నడుస్తున్నాను. రోజూ ఆరు గంటలకే లేచి నా చెంబు నేనే తగిలిస్తున్నాను. ఒక సాయంత్రం వసారాలో కూర్చున్నాం. ఇంకా వెలుతురు ఉంది. ఓబుళమ్మ వీపు గోడకు ఆనించి ఎడమ భుజం పిసుక్కుంటోంది. అంత చలిలో నుదుటి మీద చెమట.

“ఏమైంది?” అన్నాను.

“గ్యాసు. మధ్యాన్నం సంగటి ఎక్కువ తింటి.”

“ఇది గ్యాసు మాదిరి లేదు. ఖాసింబీని పిలుస్తా, డాక్టరు కాడికి పోదాం.”

నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నోరు మూసుకో టీచరమ్మా. ఆ మేనేజరు కాసుకోనుండాడు. ఇద్దురం రోడ్డున పడ్తాం. కుంటికాలు ఏసుకోని నువ్వు యాడికి పోతావు?” కాసేపు ఊపిరి పీల్చుకొని మళ్ళీ అంది: “రేపు పొద్దున నా చెంబు నువ్వు తగిలీ. కొంచేపు ఎక్కువ పండుకుంటే అదే పోతాది.”

పిలవాల్సింది. వంద విధాల ఆలోచించినా ఇంకో మాట దొరకదు నాకు. పిలిస్తే గది పోతుందని నేను కూడా అనుకున్నాను. ఆమె నా కోసం భయపడింది, నేను కూడా నా కోసమే భయపడ్డాను.

మరునాడు ఆరు గంటలకు లేచాను. మంచు పడి బండలు చల్లగా ఉన్నాయి. ఓబుళమ్మ కిటికీ దిమ్మ మీద రాగి చెంబు ఉంది, మొగుడి పేరు చెక్కినది. తీసి ఆమె మేకుకు తగిలించాను. ఆ పొద్దు నాకు సంతోషంగా కూడా ఉంది. ఇన్ని నెలలు ఆమె నాకు చేసింది ఈ రోజు నేను చేస్తున్నాను అనుకున్నాను. లోపల ఏదో గిన్నె దొర్లిన చప్పుడైంది. లేచిందిలే అనుకున్నాను. నా చెంబు కూడా తగిలించుకొని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

ఆరున్నరకు ఖాసింబీ అడుగులు వినబడ్డాయి. ఎక్కడా ఆగకుండా ఆ చివరిదాకా పోయాయి.

తొమ్మిదైనా ఓబుళమ్మ పొద్దుటి టిఫినుకు, బొరుగుల ఉగ్గాని పెట్టించుకోవడానికి రాలేదు. తలుపు కొడితే పలకలేదు. వాచ్‌మన్ గడ్డపారతో గడియ పెకిలించాడు. ఆమె మంచం మీద లేదు. తలుపు దగ్గర నేల మీద బోర్లా పడి ఉంది. ఒక చెయ్యి గడియ వైపు చాచి ఉంది. నీళ్ళ గిన్నె పక్కన దొర్లి ఉంది. డాక్టరు వచ్చి చూసి, తెల్లవారినాక కూడా చాలాసేపు ప్రాణం ఉండి ఉంటుంది, పోయి ఎక్కువసేపు కాలేదు, ముందే పిలిచి ఉంటే చూసేవాళ్ళం అన్నాడు. ఆ మాట ఆయన మేనేజరుతో అన్నాడు. కర్ర పట్టుకొని పక్కన నిలబడ్డ నాతో కాదు.

ఆ తర్వాత జరగాల్సిన తమాషా అంతా జరిగింది. పెద్దాయన వచ్చాడు. శవం మీద పార్టీ జెండా కప్పారు. మేనేజరు పన్నెండు గదులకూ కరెంటు బెల్లులు పెట్టించాడు, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు. ఆ బెల్లులు మోగేది ఆయన ఆఫీసు గదిలో. సాయంత్రం అయిదుకు దానికి తాళం వేసి ఆయన ఇంటికి పోతాడు.

చెంబు ఎవరు తగిలించారని మాత్రం ఎవరూ అడగలేదు. ఓబుళమ్మే పొద్దున లేచి తగిలించుకొని, లోపలికి పోయి పడిపోయిందని అందరూ అనుకున్నారు. “పుణ్యాత్మురాలు, తన పని తాను చేసుకోని పాయ. ఒకరితో చెప్పించుకోల్యా” అని ఖాసింబీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడ్చేది. ఆ మాట నన్ను కాపాడుతోంది. ఆ మాట ఉన్నంతకాలం నా గది నాకుంటుంది. పది రోజులు ఆ మాట చాటున అన్నం తిన్నాను, తాళంచెవి మెళ్ళో వేసుకొని తిరిగాను. రాగి చెంబు చలికి ఎంత చల్లగా తగిలిందో వేళ్ళకు మాత్రం గుర్తుంది. వేళ్ళకు ఆ గుర్తు పోలేదు, అరికాలికి ఏదీ గుర్తు లేదు.

పదకొండో రోజు నేను చెంబు తగిలించలేదు. మెలకువ వచ్చింది, కాలు బాగానే ఉంది, జ్వరం లేదు. మంచం అంచున కూర్చొని మేకు ఖాళీగా వదిలేశాను. నాకు ఒకటి తెలుసుకోవాలనిపించింది.

ఆరున్నరకు ఖాసింబీ అడుగులు వచ్చాయి. నా తలుపు ముందు ఆగాయి. ఒక్క ఊపిరి కూడా గడవలేదు, తలుపు దబదబా మోగింది.

“టీచరమ్మా! టీచరమ్మా! పలుకు తల్లీ!”

నేను పలకలేదు. ఆమె వసారాలో పరుగెత్తడం వినబడింది. వాచ్‌మన్‌ను కేకేసింది. పక్క గదుల తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో గడ్డపార తెమ్మంటున్నారు, ఎవరో ఆటోకు పొమ్మంటున్నారు. నేను ముప్పై లెక్కపెట్టే లోపు నా తలుపు ముందు నలుగురు ఉన్నారు. ఓబుళమ్మ గడియ వైపు చెయ్యి చాచి పడి ఉన్నప్పుడు ఈ నలుగురూ ఇక్కడే ఉన్నారు. ఈ ఖాసింబీ ఇక్కడి నుంచే నడిచిపోయింది. మేకు ఖాళీగా ఉండి ఉంటే ఆగేది.

గడ్డపార తలుపు సందులో పడిన చప్పుడు విన్నాను. కర్ర పట్టుకొని లేచి గడియ తీశాను. ఖాసింబీ నన్ను చూసి, బతికే ఉన్నానని ఏడుస్తూ నా భుజాలు పట్టుకుంది. ఆ చేతులు విడిపించుకొని, ఓబుళమ్మ చెంబు తగిలించింది నేనేనని చెప్పాను.